లెర్విక్‌లో ఉద్యోగం వచ్చింది, అక్కడ చలికాలం గడపగలమా?

కొత్తపేట_నర్సు (నవంబర్ 8)

అందరికీ నమస్కారం. నేను ఇంగ్లండ్‌లో లీడ్స్ దగ్గర నాలుగేళ్లుగా నర్సుగా చేస్తున్నాను. షెట్లాండ్ దీవుల్లో లెర్విక్ అనే ఊళ్లో ఒక వృద్ధుల కేర్ హోమ్‌లో ఉద్యోగం వచ్చింది. డిసెంబర్ మొదటి వారంలో చేరమంటున్నారు. మావారు ఇంటి నుంచే పని చేసుకోవచ్చు. పాపకి ఆరేళ్లు.

జీతం నచ్చింది, పని నచ్చింది. కానీ మ్యాపులో చూస్తే స్కాట్లండ్ పైన సముద్రం మధ్యలో చిన్న చుక్క. ఊరి జనాభా ఏడు వేలట. మా కొత్తపేటలో ఒక వీధి జాతరకి అంతమంది వస్తారు. అందరూ ఎండాకాలం ఫోటోలే పెడుతున్నారు, చలికాలం గురించి ఎవరూ రాయట్లేదు. రాత్రి నిద్ర పట్టడం లేదు, అంత టెన్షన్‌గా ఉంది. అక్కడ ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

అబర్దీన్_రావు (నవంబర్ 8)

అమ్మా, నేను అబర్దీన్‌లో పదిహేడేళ్లుగా ఉంటున్నాను. ఆయిల్ పనిమీద షెట్లాండ్‌కి చాలాసార్లు వెళ్లాను. అక్కడే ఉంటున్న భీమవరం అమ్మాయి ఒకరు ఈ గ్రూపులో ఉన్నారు, ఉత్తరగాలి అని. ఆవిడ చెబితేనే బాగుంటుంది. పిలుస్తున్నాను.

ఉత్తరగాలి (నవంబర్ 9)

రావు గారూ, పిలిచినందుకు థాంక్స్. నర్సు గారూ, ఇది నాకు ఇక్కడ ఐదో చలికాలం. నేను మందుల షాపులో పని చేస్తాను. పెద్ద పోస్టు రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ముందు చలి సంగతి. మీరు భయపడేంత చలి ఇక్కడ ఉండదు. జనవరిలో కూడా పగలు నాలుగైదు డిగ్రీలు ఉంటుంది, మంచు పడినా ఎక్కువ రోజులు నిలవదు. ఇక్కడ బాధ పెట్టేది గాలి, చీకటి. గొడుగు తేకండి, ఒక్క నిమిషంలో విరిగిపోతుంది. టోపీ ఉన్న మంచి వాటర్‌ప్రూఫ్ కోటు కొనుక్కోండి, పాపకి ప్యాంటు కూడా వాటర్‌ప్రూఫ్‌దే కొనండి. కారు ఉంటే ఎప్పుడూ ముందు భాగం గాలికి ఎదురుగా ఉండేలా ఆపండి. వెనక నుంచి గాలి కొడుతుంటే తలుపు తీయగానే చేతిలోంచి లాక్కుని వెనక్కి విరిచేస్తుంది. మొదటి నెలలోనే మా కారు తలుపు అలా పోయింది.

ఇక చీకటి. మనం 60 డిగ్రీల అక్షాంశం మీద ఉంటాం. డిసెంబర్ 21 ప్రాంతంలో తొమ్మిది దాటాకే తెల్లవారుతుంది, మధ్యాహ్నం మూడు కాకముందే పొద్దు వాలిపోతుంది. మొత్తం మీద ఆరు గంటల వెలుతురు కూడా ఉండదు, అదీ మబ్బు లేకపోతేనే. కార్తీకంలో నేను దీపం పెట్టేది మధ్యాహ్నం టీ వేళకి. విటమిన్ డి రోజూ 10 మైక్రోగ్రాములు వేసుకోండి, పాపకి కూడా. అక్టోబర్ నుంచి మార్చి దాకా అందరూ వేసుకోవాలని ఇక్కడి ఆరోగ్యశాఖ చెబుతుంది. మీరు నర్సు కాబట్టి మీకు తెలిసే ఉంటుంది, అయినా చెబుతున్నాను. మొదటి చలికాలం నేను వేసుకోలేదు.

ఆ మొదటి చలికాలం గురించి కూడా చెప్పాలి. మావారు రాత్రి షిఫ్టుల్లో ఉండేవారు. నాకు అప్పటికి ఉద్యోగం లేదు. చీకట్లో లేచి చీకట్లోనే పడుకునేదాన్ని. అమ్మకి వీడియో కాల్ చేసినప్పుడల్లా గోడకున్న లైటు ముఖం మీద పడేలా కూర్చునేదాన్ని, ఏడ్చిన కళ్లు కనపడకుండా. నెలన్నర పాటు మావారితో, టెస్కో సూపర్‌మార్కెట్‌లో బిల్లు వేసే అమ్మాయితో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడలేదు.

ఒకరోజు పక్కింటి పెద్దావిడ తలుపు కొట్టింది. ఆవిడకి డెబ్భై దాటాయి. బాగున్నావా అని కూడా అడగలేదు. "ఆదివారం హాల్లో టీ ఉంది, గిన్నెలు కడగడానికి మనిషి తక్కువైంది, వస్తావా?" అంది. వెళ్లాను. నాలుగు గంటలు కప్పులూ సాసర్లూ కడిగాను. ఇంటికొచ్చి ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను, ఈ ఊరొచ్చాక అదే మొదటిసారి.

మిగతాది రేపు రాస్తాను, షాపుకి టైమ్ అయింది.

కొత్తపేట_నర్సు (నవంబర్ 9)

అక్కా, మీరు రాసింది చదివి మా ఆయనకి కూడా చదివి వినిపించాను. హాల్లో టీ అంటే ఏంటి? హోటలా?

ఉత్తరగాలి (నవంబర్ 10)

హోటల్ కాదమ్మా. షెట్లాండ్‌లో దాదాపు ప్రతి పల్లెకీ ఒక పబ్లిక్ హాలు ఉంటుంది. మన ఊళ్లో రామాలయం అరుగు ఎలాగో ఇక్కడ ఆ హాలు అలాగ. పెళ్లి విందులు, డాన్సులు, మీటింగులు అన్నీ అక్కడే. ఆదివారాలు ఎక్కడో ఒక హాల్లో 'సండే టీస్' పెడతారు. ఊరివాళ్లే ఇళ్లల్లో కేకులు, బన్నులు, స్కోన్లు చేసి తెస్తారు. కొన్నిచోట్ల సూప్ కూడా ఉంటుంది. లోపలికి వెళ్లేటప్పుడు కొంత డబ్బు ఇచ్చి, బల్ల మీద ఉన్నవి తిని, టీ తాగి, గంటసేపు కబుర్లు చెప్పుకుని వస్తారు. ఆ డబ్బు ఒక వారం సముద్రంలో ఆపదలో ఉన్నవాళ్లని కాపాడే లైఫ్‌బోటుకి, ఒక వారం క్యాన్సర్ పరిశోధనకి, ఇంకో వారం బడి పిల్లల ప్రయాణానికి, అలా వెళ్తుంది. ఎవరికోసమో తలుపు మీద రాసి పెడతారు.

వంటింట్లో పని పంచుకోవడం చూస్తే మన పెళ్లిళ్లలో పిన్నులూ అత్తలూ గుర్తొస్తారు. ఎవరు టీ కాస్తారో, ఎవరు ట్రే మోస్తారో ఎవరూ చెప్పరు, అన్నీ జరిగిపోతాయి. కొత్తవాళ్లకి మొదట గిన్నెల దగ్గరే చోటు. అక్కడ నుంచుంటే ఊరంతా మీ పక్కగా వెళ్తుంది, ఒక్కొక్కరూ ఒక మాట మాట్లాడతారు.

ఇంకో మాట. వీళ్ల యాసలో 'డు' అంటే నువ్వు, 'యూ' అంటే మీరు. ఇంగ్లిష్ మాట్లాడే చోట నువ్వు, మీరు తేడా ఉంటుందని నేను ఊహించలేదు. మూడో నెలలో పక్కింటావిడ నన్ను 'డు' అని పిలిచిన రోజు నాకు బాగా గుర్తుంది. చిన్నదానికి 'పీరీ' అంటారు. మీ పాపని అందరూ పీరీ అనే పిలుస్తారు చూడండి.

సూటిప్రశ్న (నవంబర్ 10)

నేను రెడింగ్‌లో ఉంటాను. కొంచెం కటువుగా అనిపిస్తే క్షమించండి, నిజంగానే అడుగుతున్నాను. మనం పన్నులు కడుతున్నాం, ఇక్కడి ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్ సర్‌చార్జి కట్టాం, వీసా ఫీజులు కట్టాం. లైఫ్‌బోటు నడపడం, ముసలివాళ్లని చూడటం ప్రభుత్వం చేయాల్సిన పనులు కాదా? వారమంతా షిఫ్టులు చేసి అలసిపోయిన మన ఆడవాళ్లు ఆదివారం కూడా ఊరివాళ్ల గిన్నెలు కడగాలా? దీన్ని సేవ అనాలా, లేక కొత్తగా వచ్చినవాళ్లని ఉచితంగా వాడుకోవడం అనాలా? మా ఊళ్లో ఒక సంస్థ మా స్నేహితురాలితో ఆర్నెల్లు 'వాలంటీర్' పేరుతో పూర్తి ఉద్యోగం చేయించుకుని చివరికి మొండిచెయ్యి చూపింది. అందుకే అడుగుతున్నాను.

అబర్దీన్_రావు (నవంబర్ 10)

మీ స్నేహితురాలికి జరిగింది తప్పే. ఒక సంస్థ తన లాభానికి జీతం లేని మనిషిని పెట్టుకోవడం వేరు, ఊరు తన అవసరానికి చేతులు కలపడం వేరు.

లైఫ్‌బోటు సంగతి నాకు తెలుసు. లైఫ్‌బోట్లు నడిపే ఆర్‌ఎన్‌ఎల్‌ఐ అనే సంస్థ 1824లో పుట్టింది, ఈరోజుకీ అది ఛారిటీయే, ఎక్కువగా జనం ఇచ్చే విరాళాల మీదే నడుస్తుంది. లెర్విక్‌లో స్టేషన్ 1930 నుంచి ఉంది. సిబ్బందిలో ఎక్కువమంది వాలంటీర్లు. చేపల పనిలో ఒకరు, ఆఫీసులో ఒకరు, షాపులో ఒకరు ఉంటారు. పేజర్ మోగితే చేతిలో పని వదిలేసి పరుగెత్తుతారు. ప్రభుత్వం చేయాలా వద్దా అని మనం ఇక్కడ చర్చించుకోవచ్చు. జనవరిలో రాత్రి రెండింటికి పేజర్ మోగినప్పుడు వాళ్లకి ఆ చర్చకి టైమ్ ఉండదు.

కిర్క్‌వాల్_డాక్టర్ (నవంబర్ 11)

నేను పక్కనున్న ఆర్క్నీ దీవుల్లో ఉంటాను. సూటిప్రశ్న గారి అనుమానాన్ని కొట్టిపారేయలేను. సేవ పేరుతో ప్రభుత్వ ఖర్చు తగ్గించుకునే ధోరణి ఉంది, దీవుల్లో డాక్టర్లనీ నర్సులనీ తెచ్చుకోవడమే ఎంత కష్టమో రోజూ చూస్తున్నాను.

కానీ దీవి మీద ఒక విషయం అనుభవంలోకి వస్తుంది. మా దగ్గర దక్షిణపు దీవుల్ని కలిపే చర్చిల్ బ్యారియర్స్ అనే గట్లు ఉన్నాయి, రెండో ప్రపంచయుద్ధంలో కట్టినవి. తుఫాను వస్తే అలలు వాటి మీదుగా దూకుతాయి, రోడ్డు మూసేస్తారు. అటువైపున్న మనిషి పడిపోతే ముందు చేరేది పక్కింటివాళ్లే. ఎంత డబ్బు పెట్టినా ఆ అరగంటని ఏ శాఖా కొనలేదు. మా ఊరి ఇళ్లల్లో పొరుగింటి తాళంచెవి ఒకటి ఉండటం మామూలు. నేను కూడా ముగ్గురివి పెట్టుకున్నాను.

ఉత్తరగాలి (నవంబర్ 12)

సూటిప్రశ్న గారూ, అడిగినందుకు సంతోషం, నిజంగా. నేను కూడా మొదట్లో అలాగే అనుకున్నాను. 2022 డిసెంబర్ తర్వాత నా అభిప్రాయం మారింది.

ఆ ఏడాది రెండు దెబ్బలు తగిలాయి. అక్టోబర్ 20న సముద్రం అడుగున కేబుల్ తెగి దీవులన్నిటికీ ఫోన్లు, ఇంటర్నెట్ పోయాయి. షాపుల్లో కార్డు పని చేయలేదు, నోట్లు ఉన్నవాళ్లే సరుకులు కొన్నారు. నా దగ్గర ఐదు పౌండ్లు ఉన్నాయి. కొట్టు ఆవిడ పేరు రాసుకుని పాలు, బ్రెడ్డు ఇచ్చి పంపింది. నర్సు గారూ, ఇంట్లో ఎప్పుడూ కొంత నగదు పెట్టుకోండి.

తర్వాత డిసెంబర్ రెండో వారంలో తడి మంచు పడింది. అది కరెంటు తీగలకి అతుక్కుని గడ్డకట్టి, బరువుకి తీగలు తెగాయి, స్తంభాలు కూలాయి. వేల ఇళ్లకి కరెంటు లేదు, కొన్ని చోట్ల రోజుల తరబడి. ఆలోచించండి, పద్దెనిమిది గంటల చీకటి, కరెంటుతో నడిచే హీటర్లు, ఒంటరిగా ఉండే ముసలివాళ్లు. పల్లెల్లో హాళ్లు తెరిచారు. మా వీధిలో గొర్రెలు పెంచే ఆయన మంచులో కూడా వెళ్లే తన ఫోర్ బై ఫోర్ బండి తీశాడు. మేం ముగ్గురం ఆడవాళ్లం కరెంటు ఉన్న ఒకరింట్లో రెండు పెద్ద కుండల సూప్ కాచి ఫ్లాస్కుల్లో పోసి ఇచ్చాం. ఆయనతో నేను కూడా వెళ్లాను, కొందరి మందుల వివరాలు నాకు తెలుసు కాబట్టి. ఒక ఇంట్లో ఎనభై దాటిన తాత కోటు, టోపీ, చేతి తొడుగులు వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా ఒకే కొవ్వొత్తి. ఆయన నాతో అన్న మొదటి మాట "నువ్వు సరిగ్గా తిన్నావా?" అని.

ఆ రోజు నుంచి ఇది ఎవరి పని అని నేను ఆలోచించలేదు. ఆ ఫ్లాస్కు అక్కడికి తీసుకెళ్లడానికి ఆ రాత్రి ఆ రోడ్డు మీద మేమే ఉన్నాం. ఉచితంగా వాడుకున్నారా అంటే, కాదండీ. నేను వెళ్లకపోతే ఎవరూ ఒక్క మాట అనరు. వెళ్లాను కాబట్టి ఊళ్లో నాకు నలభై ఇళ్ల తలుపులు తెలుసు.

సూటిప్రశ్న (నవంబర్ 12)

చదివాను. ప్రభుత్వం బాధ్యత అనే మాట మీద నేను ఇంకా నిలబడే ఉన్నాను. కానీ మీ మాట అర్థమైంది. ఆ తాత ఎలా ఉన్నారు?

ఉత్తరగాలి (నవంబర్ 12)

బాగున్నారు. పోయిన నెల కూడా షాపుకి వచ్చారు.

నాగాయలంక_బుజ్జి (నవంబర్ 19)

ఆలస్యంగా చూశాను ఈ చర్చ. మాది దివిసీమ. ఈరోజు తేదీ చూసి ఆగలేక రాస్తున్నాను. 1977 నవంబర్ 19న మా ఊళ్లని ఉప్పెన ముంచేసింది. వేల మంది పోయారు. మా నాయనమ్మ తాటిచెట్టుని పట్టుకుని బతికింది. ఆ తర్వాత నెలల తరబడి ఎక్కడెక్కడి నుంచో విద్యార్థులు, మఠాల వాళ్లు వచ్చి శవాలు తీశారు, గుడిసెలు కట్టారు. మా ప్రాంత నాయకుడు మండలి వెంకట కృష్ణారావు గారు మా మధ్యే తిరిగారని మా ఇంట్లో ఇప్పటికీ చెబుతారు. వచ్చినవాళ్ల పేర్లు నాయనమ్మకి తెలియవు, కానీ ఎవరు ఏ వంట చేసి పెట్టారో చివరిదాకా చెప్పేది.

కాబట్టి నర్సమ్మా, సముద్రం పక్కన బతికేవాళ్లు ఎక్కడైనా ఒకటే. మీరు వెళ్లండి.

అబర్దీన్_రావు (నవంబర్ 19)

బుజ్జి గారూ, మీరు రాసింది చదివి ఒళ్లు జలదరించింది. లెర్విక్ వాళ్లకి కూడా నవంబర్ 19 మర్చిపోలేని రోజు. 1997లో, సరిగ్గా మీ ఉప్పెన జరిగిన ఇరవై ఏళ్లకి, ముందురోజు చేపల లోడుతో లెర్విక్ నుంచి బయల్దేరిన గ్రీన్ లిలీ అనే సరుకు ఓడ ఆపదలో పడింది. భయంకరమైన తుఫానులో ఇంజను ఆగిపోయి, లెర్విక్‌కి ఎదురుగా ఉండే బ్రెస్సే దీవి రాళ్ల వైపు కొట్టుకుపోయింది. ఓడలో పదిహేను మంది ఉన్నారు. లెర్విక్ లైఫ్‌బోటు ఆ అలల్లో పక్కకి వెళ్లి ఐదుగురిని తీసుకొచ్చింది. కోస్ట్‌గార్డ్ హెలికాప్టర్ మిగతా పదిమందిని పైకి లాగింది. వాళ్లని తాడుకి కట్టి పంపడానికి ఓడ డెక్కు మీదకి దిగిన బిల్ డీకన్ అనే ఆయన్ని చివర్లో అల లాక్కుపోయింది. పదిహేను మందీ బతికారు, ఆయన తిరిగి రాలేదు. లైఫ్‌బోటు నడిపిన హ్యూయిట్ క్లార్క్‌కి ఆర్‌ఎన్‌ఎల్‌ఐ బంగారు పతకం ఇచ్చింది, వాళ్లు ఇచ్చే వాటిలో అదే పెద్దది.

సండే టీ డబ్బు లైఫ్‌బోటుకి వెళ్తుందని ఉత్తరగాలి గారు రాశారు కదా. ఆ కప్పులు ఎందుకు కడుగుతారో నాకు ఈ కథ విన్నాకే అర్థమైంది.

కొత్తపేట_నర్సు (నవంబర్ 20)

మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. నిన్న రాత్రి మేమిద్దరం కూర్చుని మాట్లాడుకుని ఒప్పుకున్నాం. వెళ్తున్నాం.

అక్కా, కొన్ని ప్రశ్నలు. ఇల్లు దొరుకుతుందా? బియ్యం, పప్పులు ఎక్కడ? నా వీసా మీద నేను వాలంటీరుగా చేయవచ్చా? నేను కూడా హాల్లో ఏదైనా చేయాలనుకుంటున్నాను. నాకు కేకులు రావు, పులిహోర బాగా చేస్తాను.

ఉత్తరగాలి (నవంబర్ 21)

మంచి మాట చెప్పారు.

ఇల్లు కష్టం. ముందే చెబుతున్నాను, ఇక్కడ అద్దె ఇళ్లు చాలా తక్కువ. ఉద్యోగం ఇచ్చినవాళ్లని మొదటి మూడు నెలలకి ఇల్లు చూపించమని రాతపూర్వకంగా అడగండి. మొహమాటపడకండి. దొరికే ఇంటికి ఊరి వేడినీళ్ల పైపు ఉందో లేదో కనుక్కోండి. లెర్విక్‌లో చెత్తని కాల్చి, ఆ వేడితో నీళ్లు కాచి, పైపుల్లో ఇళ్లకి పంపుతారు. మా ఇంటికి అది ఉంది, చలికాలమంతా ఇల్లు వెచ్చగా ఉంటుంది.

సరుకులు అబర్దీన్ నుంచి ఓడలో వస్తాయి. రాత్రి ఎక్కితే పొద్దున్న ఏడున్నరకి దిగుతాం, 12 గంటలకు పైగా ప్రయాణం. తుఫాను ఉంటే ఓడ రాదు. అప్పుడు రెండు రోజుల్లో అరలు ఖాళీ అవుతాయి, ముందు కూరగాయలే అయిపోతాయి. అందుకే ఇంట్లో నెలకి సరిపడా బియ్యం, కందిపప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు ఉంచుకోవాలి. కరివేపాకు తెచ్చి ఫ్రీజర్లో పెట్టుకోండి. వచ్చేటప్పుడు ఓడలో క్యాబిన్ తీసుకోండి, కుర్చీలో కూర్చుని పాపతో రావద్దు. ఎక్కగానే కొంచెం తిని పడుకోండి.

వాలంటీరు సంగతి. స్కిల్డ్ వర్కర్ వీసా మీద జీతం లేని స్వచ్ఛంద సేవ చేయవచ్చు. హాల్లో టీ లాంటి వాటికి ఏ కాగితమూ అక్కర్లేదు. పిల్లలతోనో, ఆసరా అవసరమైన పెద్దవాళ్లతోనో పని చేసే సేవ అయితే స్కాట్లండ్‌లో పీవీజీ అనే పాత నేరాల తనిఖీ ఉంటుంది, 2025 ఏప్రిల్ నుంచి అది చట్టప్రకారం తప్పనిసరి. మీ ఉద్యోగానికి ఎలాగూ చేయిస్తారు.

పులిహోర గురించి జాగ్రత్తగా వినండి, నేను పడ్డ ఇబ్బంది మీరు పడకూడదు. ఈ దేశంలో తిండి అమ్మే చోట 14 రకాల అలర్జీ పదార్థాలు ఉన్నాయో లేదో చెప్పాలి. ఆ జాబితాలో పల్లీలు ఉంటాయని నాకు తెలుసు. ఆవాలు కూడా ఉన్నాయని తెలియదు! నువ్వులు కూడా ఉన్నాయి. ఇంగువ డబ్బా తిప్పి చూస్తే గోధుమపిండి కలిపినట్టు రాసి ఉంటుంది, అది కూడా రాయాలి. అంటే మన తాలింపే ఒక జాబితా. మొదటిసారి నేను పకోడీలు, నిమ్మకాయ పులిహోర తీసుకెళ్లినప్పుడు వంటింటి పెద్దావిడ నన్ను పక్కన కూర్చోబెట్టి, ఒక్కో దినుసూ అడిగి కార్డు మీద రాసింది. నాకు మొదట అవమానంగా అనిపించింది. తర్వాత చెప్పింది, వాళ్ల మనవడికి పల్లీ పడదని, ఒకసారి ప్రాణం మీదకి వచ్చిందని. ఇప్పుడు నేనే కొత్తవాళ్లకి ఆ కార్డులు రాసి పెడుతున్నాను. పల్లీ లేకుండా శనగపప్పు, మినప్పప్పుతో చేయండి, ఆవాలని మాత్రం పెద్ద అక్షరాలతో రాయండి. పులిహోర మొదటి గంటలోనే అయిపోతుంది, రెండు కిలోల బియ్యం తక్కువ కాకుండా వండండి.

కిర్క్‌వాల్_డాక్టర్ (నవంబర్ 21)

ఒక్క మాట కలుపుతాను. జనవరిలో మనసు బాగా కుంగితే అది మీ బలహీనత అనుకోవద్దు. వెలుతురు తగ్గడం వల్ల కొందరికి నిజంగానే జబ్బులా వస్తుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రోజూ మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో, వాన పడుతున్నా సరే, అరగంట బయట నడవండి. మీ ఆయన ఇంటి నుంచే పని చేస్తారని రాశారు. ఆయన గురించి నాకు ఎక్కువ ఆందోళన. మీకు కేర్ హోమ్‌లో మనుషులు ఉంటారు, ఆయనకి స్క్రీన్ మాత్రమే ఉంటుంది. ఆయన్ని కూడా ఏదో ఒక గుంపులో చేర్పించండి.

ఉత్తరగాలి (నవంబర్ 22)

డాక్టర్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మీవారికి చెక్కపని, పెయింటింగ్ ఏదైనా వచ్చా? అడగడానికి కారణం ఉంది. జనవరి చివరి మంగళవారం ఇక్కడ 'అప్ హెల్లీ ఆ' అనే పెద్ద పండగ. వైకింగ్ వేషాలు, కాగడాల ఊరేగింపు, చివరికి ఒక ఓడని కాల్చేస్తారు. ఆ ఓడని, దాదాపు వెయ్యి కాగడాలని చలికాలమంతా సాయంత్రాలు ఊరివాళ్లే ఒక షెడ్డులో కూర్చుని తయారు చేస్తారు. ఒక్కరికీ జీతం లేదు. షెడ్డులోకి వెళ్లడానికి తెలిసినవాళ్లు ఉండాలి, నేను అడిగి చూస్తాను.

కొత్తపేట_నర్సు (డిసెంబర్ 14)

వచ్చేశాం! గాలి వల్ల ఓడ రెండు రోజులు ఆలస్యమైంది, అబర్దీన్‌లో రావు గారింట్లోనే ఉన్నాం. ఆంటీ పెట్టిన గుత్తివంకాయ కూర జన్మలో మర్చిపోను.

ఇక్కడ పాపని బడిలో చేర్చాం. పొద్దున్న చీకట్లో మెరిసే జాకెట్టు వేసుకుని వెళ్తోంది. ఉత్తరగాలి అక్క మా ఇంటికి చారు, అప్పడాలు తెచ్చింది. మావారు మొదటి వారం కిటికీ దగ్గర నుంచుని ఏమీ మాట్లాడలేదు. నాకు భయం వేసింది. నిన్న అక్క వాళ్ల వీధిలో గొర్రెలు పెంచే ఆయన వచ్చి పాత కుర్చీలు మొయ్యడానికి సాయం కావాలని ఈయన్ని తీసుకెళ్లారు. రాత్రి తొమ్మిదింటికి ఒళ్లంతా దుమ్ముతో వచ్చి రెండు ప్లేట్లు అన్నం తిన్నారు.

నాగాయలంక_బుజ్జి (డిసెంబర్ 14)

నా కళ్లలో నీళ్లు వచ్చాయమ్మా. పాపకి ముద్దులు.

సూటిప్రశ్న (జనవరి 15)

కొత్తపేట నర్సు గారూ, సంక్రాంతి శుభాకాంక్షలు. ఎలా ఉన్నారు? ఈ చర్చ నా బుర్రలోంచి పోవడం లేదు. మా పక్కన ఉండే చర్చిలో శనివారం పేదవాళ్లకి ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ బ్యాంకు నడుస్తుంది. రెండు వారాలుగా వెళ్లి డబ్బాలు సర్దుతున్నాను. నా అభిప్రాయం మారిందని కాదు. అక్కడికి వచ్చేవాళ్లని చూశాక ప్రభుత్వం మీద నా కోపం ఇంకా పెరిగింది. రెండూ చేస్తాను, డబ్బాలూ సర్దుతాను, ఎంపీకి ఉత్తరాలూ రాస్తాను.

కొత్తపేట_నర్సు (జనవరి 28)

ఈరోజు ఊరంతా సెలవు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

సూటిప్రశ్న గారూ, ఉత్తరం రాస్తే మా కేర్ హోమ్‌లో మనుషుల కొరత గురించి కూడా రాయండి. ఇక్కడ సేవ ఎంత ఉన్నా మా డ్యూటీ పట్టికలో ఖాళీలు అలాగే ఉన్నాయి.

నిన్న అప్ హెల్లీ ఆ. మావారు ఊరేగింపులో నడవలేదు, కానీ డిసెంబర్ నుంచి కాగడాల పనికి వెళ్లారు. కర్ర కొసకి గోనెపట్టా చుట్టి బిగించడం ఆయన పని. పాపకి చెప్పారట, "మన భోగిమంటకి నాన్న ఇప్పుడు కర్రలు కడుతున్నాడు" అని.

నేను డ్యూటీలో ఉన్నాను. ఆరోజు ప్రధాన బృందం, వాళ్ల నాయకుడు గైజర్ యార్ల్, పగలంతా బడులు, ఆసుపత్రి, కేర్ హోములు తిరుగుతారు. మధ్యాహ్నం మా దగ్గరికి వచ్చారు. రెక్కల శిరస్త్రాణాలు, డాళ్లు, గొడ్డళ్లు, వెండిలా మెరిసే కవచాలు. హాలంతా నిండిపోయింది. నేను చూసుకునే ఒక అవ్వ ఉన్నారు. మతిమరుపు జబ్బు బాగా ముదిరింది. రెండు వారాలుగా ఒక్క మాట లేదు, తినిపిస్తే తింటారు. వాళ్లు పాట ఎత్తుకోగానే అవ్వ పెదాలు కదిలాయి. చరణం చివరిదాకా పాడింది, ఒక్క పదం తప్పలేదు. ఆ బృందంలో గడ్డం ఉన్న పెద్దమనిషి ఒకాయన పాడటం ఆపకుండానే మోకాళ్ల మీద కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. నేను పక్క గదిలోకి వెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చాను.

రాత్రి ఏడున్నరకి వీధిదీపాలు ఆర్పేశారు. కొండ కింద నుంచి నిప్పుల నది కదిలి వచ్చినట్టు ఉంది. పాప మావారి భుజాల మీద కూర్చుని "నాన్న కట్టింది ఏదీ, నాన్న కట్టింది ఏదీ" అని అరుస్తూనే ఉంది. ఓడని మైదానంలో పెట్టి, చుట్టూ తిరిగి, కాగడాలన్నీ దాని మీదకి విసిరారు. మూడు నెలల పని కాసేపట్లో కాలిపోయింది. తర్వాత అక్కా నేనూ ఒక హాలు వంటింట్లో తెల్లవారేదాకా ఉన్నాం. ఒక బృందం వెళ్తే ఇంకో బృందం వస్తుంది, ఆడతారు, పాడతారు, సూప్ తాగుతారు. ఉప్పు పట్టించి ఎండబెట్టిన గొర్రెమాంసం సూప్ ఇక్కడి ప్రత్యేకం, మాంసం తినేవాళ్లయితే తప్పకుండా రుచి చూడాలి. బృందాల్లో ఆడవాళ్లని కూడా చూశాను. లెర్విక్‌లో 2023 దాకా ఆడవాళ్లకి బృందాల్లో చోటు లేదని, దానికోసం చాలా ఏళ్లు పోరాడారని వంటింట్లో ఒకావిడ చెప్పింది. ఆవిడ కూతురు నిన్న కాగడా పట్టుకుంది.

నా పులిహోర కూడా పెట్టాం. అక్క చెప్పినట్టే ఆవాలని పెద్ద అక్షరాలతో రాశాను. తెల్లవారుజామున నాలుగింటికి ఒకాయన వచ్చి ఖాళీ గిన్నె చూపించి, ఇది ఇంకా ఉందా అని అడిగాడు.

అబర్దీన్_రావు (జనవరి 28)

అమ్మా, వచ్చే ఏడాది మేం కూడా వస్తాం. ఓడ టికెట్లు ఇప్పుడే తీసుకోవాలేమో.

కొత్తపేట_నర్సు (జనవరి 29)

తప్పకుండా రండి, మా ఇంట్లోనే ఉండండి.

అక్కా, ఇంకొకటి అడగాలి. బడిలో కాగితం ఇచ్చారు, ఏప్రిల్‌లో 'డా వోర్ రెడ్ అప్' అని. పాప పేరు ఇస్తారా అని రాశారు. ఏంటది?

ఉత్తరగాలి (జనవరి 29)

'వోర్' అంటే వసంతం, 'రెడ్ అప్' అంటే శుభ్రం చేయడం. చలికాలపు తుఫానులు తీరమంతా ప్లాస్టిక్, వలలు, తాళ్లు తెచ్చి పడేస్తాయి. 1988 నుంచి ప్రతి ఏడాదీ వసంతంలో జనం వేల సంఖ్యలో బయటికి వచ్చి అవన్నీ ఏరతారు. పోయిన ఏడాది మా గుంపు లాగిన వల ఎంత బరువంటే ట్రాక్టరు తెప్పించాల్సి వచ్చింది. పేరు ఇచ్చేయండి. అప్పటికి వెలుతురు రాత్రి తొమ్మిది దాకా ఉంటుంది. పాపకి గమ్ బూట్లు, మందపాటి చేతి తొడుగులు కొనండి. చిన్న సైజు తొడుగులు ఇక్కడ త్వరగా అయిపోతాయి, ఈ వారమే తీసుకోండి.